గదే జాగ

మా కోచింగ్ సెంటరు కింద ఉన్న జిరాక్స్ షాపు సూర్యనారాయణ గారిది. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులోకి తిరిగాక ఎడమచేతి వైపు మూడో షట్టరు. పై అంతస్తులో నేను పిల్లలకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్తాను, కింద ఆయన ఆ పాఠాలనే కాపీలు తీసి అమ్ముతాడు. నేను కొత్తగా నోట్సు రాసుకుంటే చాలు, క్లాసులో చెప్పకముందే అది ఆయన దగ్గర స్పైరల్ బైండింగై కూర్చుంటుంది. ఈ విషయంలో మా ఇద్దరికీ చాలాసార్లు మాటా మాటా వచ్చింది. అయినా రోజూ సాయంత్రం ఆయన స్టూలు మీదే కూర్చుని టీ తాగుతాను. అమీర్‌పేట మొత్తంలో "సార్, ఈ కోర్సు చేస్తే జాబ్ వస్తదా" అని నన్ను అడగని మనిషి ఆయనొక్కడే మరి.

ఆయనకు అరవై ఒకటి. తొంభై నాలుగులో బందరు నుంచి వచ్చి ఈ సందులో దిగాడు, మళ్లీ కదల్లేదు. పిల్లలు లేరు. భార్య అరుణాదేవి గారు పోయి ఎనిమిదేళ్లయింది. ఎల్లారెడ్డిగూడలో రెండు గదుల అద్దె ఇల్లు, ఇంట్లో ఒక కుక్కరు, ఒక మంచం, ఒక టీవీ. షాపుకు రోజూ వందలమంది వస్తారు కాబట్టి మనిషి ఒంటరిగా ఉన్నాడని చూసేవాళ్లకు అనిపించదు. కానీ వచ్చినవాళ్లు ఏం మాట్లాడతారో ఒకసారి కూర్చుని వినండి. "రెండు సెట్లు." "బ్యాక్ టు బ్యాక్." "కలర్ ఉందా?" "తొందరగా అంకుల్." పొద్దున్నించి ఇవే. వీటికి జవాబు చెప్పడానికి నోరు కూడా అక్కర్లేదు, తల ఊపితే చాలు. "వంశీ గారూ, నిన్న నేను మొత్తం ఎన్ని మాటలు మాట్లాడానో తెలుసా? పదకొండు," అన్నాడు ఒకసారి. నేను నవ్వాను. ఎందుకు నవ్వానా అని తర్వాత అనిపించింది.

ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి హాకీ. బందరు కాలేజీలో లెఫ్ట్ హాఫ్ ఆడాడట. ఎంత బాగా ఆడాడో చెప్పడానికి ఇక్కడ సాక్షులెవరూ లేరు కాబట్టి ఆయన చెప్పిందే నమ్మాలి. క్రికెట్ తప్ప ఇంకో ఆట ఉందని గుర్తులేని ఈ ఊళ్లో, షాపు గోడకు దేవుడి పటం పక్కన పాత హాకీ స్టిక్కు ఒకటి మేకుకు వేలాడుతుంటుంది. కాపీలకొచ్చిన పిల్లలు దాన్ని చూసి, గొడవలు జరిగితే కొట్టడానికి పెట్టుకున్నాడనుకుంటారు.

ఎర్రమంజిల్ క్వార్టర్ల వెనక ఒక మట్టి గ్రౌండు ఉండేది. ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి అక్కడ ప్రభుత్వ ఆఫీసుల టీములు లీగ్ మ్యాచులు ఆడేవి. ముందు పొట్టలు, వాటి వెనక మనుషులు పరిగెత్తేవాళ్లు. చూసేవాళ్లు పదిమంది ఉంటే గొప్ప, వాళ్లలో సగం మంది ఆడేవాళ్ల స్కూటర్లకు కాపలా. తొంభై తొమ్మిదిలో ఒక ఆదివారం సూర్యనారాయణ గారు ఆ గ్రౌండు దక్షిణం వైపు గట్టు మీద, సరిగ్గా సెంటర్ లైన్ దగ్గర కూర్చున్నాడు. పక్కన ఖాకీ ప్యాంటు మనిషి ఒకడు అప్పటికే కూర్చుని పల్లీలు ఒలుస్తున్నాడు. హాఫ్ టైమ్‌కి ఆ మనిషి తన సగం తినేసి, పొట్లం మూతి మడిచి, మిగతా సగం ఈయన చేతిలో పెట్టాడు. పేరు కూడా అడగలేదు.

ఆ మనిషే మహిపాల్. సర్వే ఆఫీసులో చైన్‌మన్. అంటే భూములు కొలిచేటప్పుడు గొలుసు పట్టుకుని ముందు నడిచేవాడు. తెలంగాణ మనిషి, జనగామ దిక్కు. ఈయనకంటే ఆరేళ్లు పెద్ద. వాళ్లు కూర్చునే చోట గట్టులో సర్వే రాయి ఒకటి ఉండేది. మహిపాల్ దాని మీద మోచెయ్యి ఆనించి ఆట చూసేవాడు.

"గీ రాయి చూసినవా సార్? ఎనభై ఎనిమిదిల నా చేతులతోని పాతిన. ఎవ్వడు కదిలియ్యలేడు," అనేవాడు. కనీసం నెలకోసారి అనేవాడు.

ఇరవై రెండేళ్లు ఇద్దరూ ఆ గట్టు మీద కూర్చున్నారు. ఒకరింటికి ఒకరు వెళ్లలేదు. ఒకరి ఇంటిపేరు ఒకరికి తెలియదు. మహిపాల్ ఈయన్ని 'జిరాక్స్ సార్' అనేవాడు. ఈయన ఆయన్ని 'మహిపాల్ గారూ' అనేవాడు. "గారు ఎందుకు సార్, అన్న అను" అని మొదటి ఏడాదే చెప్పినా బందరు నోటికి అది తిరగలేదు. మాటలన్నీ ఆట గురించే. ఆ బ్యాక్‌కి మోకాళ్లు పోయాయి, ఈ అంపైర్‌కి కళ్లు పోయాయి, పోస్టల్ వాళ్ల గోల్‌కీపర్ నిద్రపోతున్నాడు. ఎండ ఎడమ చెంప మీద పడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని పొద్దుగూకేదాకా మాట్లాడుకునేవాళ్లు.

అరుణాదేవి గారు పోయిన పదిహేనో రోజు ఆదివారమైంది. ఇంట్లో ఉండలేక సూర్యనారాయణ గారు గ్రౌండుకే వెళ్లాడు. "మా ఆవిడ పోయిందండీ" అని ఒక్క ముక్క చెప్పాడు. ఆ రోజు మహిపాల్ హాఫ్ టైమ్‌కి పొట్లం మాత్రం సగానికి మడవలేదు. మొత్తం ఈయన చేతిలో పెట్టి, తను ఒక్క గింజ కూడా ముట్టలేదు. ఓదార్చడానికి ఆ పక్షం రోజుల్లో చాలామంది చాలా చెప్పారని, అందులో తనకు గుర్తున్నది ఆ పొట్లం ఒక్కటేనని ఆయన నాతో అన్నాడు.

నాలుగేళ్ల క్రితం గ్రౌండు మూసేశారు. అక్కడ లైట్లతో, కుర్చీలతో పెద్ద హాకీ స్టేడియం కడతామని బోర్డు పెట్టారు. ఆఖరి ఆదివారం మ్యాచ్ అయిపోయాక ఇద్దరూ లేచి బట్టలకంటిన దుమ్ము దులుపుకున్నారు.

"తెరిచిన్నాడు కలుద్దాం సార్," అన్నాడు మహిపాల్. "గదే జాగల."

"తప్పకుండా మహిపాల్ గారూ. అదే చోట, మొదటి రోజే."

"ఫికర్ చెయ్యకు. నేనస్త."

ఈ సంగతి ఆయన చెప్పినప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్ల స్నేహానికి ఫోన్ నంబరు తీసుకోని మనిషి ఉంటాడా అని గట్టిగానే అన్నాను. "ఆదివారం నాలుగింటికి వెళ్తే ఆయన అక్కడ ఉండేవాడు వంశీ గారూ. ఇంక ఫోనెందుకు?" అన్నాడు. నిజమే. అక్కడ ఉండేవాడు కాబట్టే, ఒకరోజు వెతకాల్సి వస్తుందని ఆయనకు తట్టలేదు.

తర్వాత వెతికాడు కూడా. సర్వే ఆఫీసుకెళ్లి మహిపాల్ కావాలన్నాడు. "ఏ మహిపాల్? ఇంటిపేరేంది?" అన్నారు. తెలియదన్నాడు. ఇద్దరు మహిపాల్‌లను పిలిచి చూపించారు. ఇద్దరూ ముప్ఫై ఏళ్లవాళ్లు. రిటైరైన చైన్‌మన్‌ల జాబితా ఎవరి దగ్గరా లేదు. తిరిగొచ్చి ఆ వారం నుంచే ఆదివారాలు కూడా షట్టరు ఎత్తడం మొదలుపెట్టాడు. ఆదివారం గిరాకీ ఏమీ ఉండదు, ఉత్తినే మిషను ముందు కూర్చునేవాడు. సాయంత్రం నాలుగైతే లేచి గోడ మీది స్టిక్కు తుడిచేవాడు. నేను ఒకటి రెండుసార్లు చూశాను. చూసి, ముసలాయనకు చాదస్తం అనుకుని పైకెళ్లిపోయాను.

ఈ మార్చిలో స్టేడియం తెరుస్తున్నారని పేపర్లో పడింది. ఆరంభ మ్యాచ్ శుక్రవారం సాయంత్రం అయిదున్నరకు. పేపరు పట్టుకుని ఆయన మెట్లెక్కి నా క్లాసులోకి వచ్చేశాడు, పిల్లలు పాఠం వింటుండగానే.

"రెండు టికెట్లు కావాలండీ. మీ ఫోన్లో తీసిపెట్టండి."

"రెండోది ఎవరికండీ?" అన్నాను కొంచెం చిలిపిగా. పిల్లలు నవ్వారు.

"ఉన్నారులెండి."

ఫోన్లో సీట్ల బొమ్మ వచ్చింది. దక్షిణం వైపు సెంటర్ లైన్ దగ్గర కావాలన్నాడు. దక్షిణం వైపు సెంటర్ లైన్ లేదు, తూర్పుకీ పడమరకీ ఉంది. "అదేంటండీ, మేం దక్షిణం వైపే కదా కూర్చునేవాళ్లం" అని ఆయన కళ్లజోడు పైకి తోసుకున్నాడు. నాకు అవతల క్లాసు ఆగిపోయింది. "ఏ వైపైతే ఏంటండీ, సెంటర్ లైనే కదా మీక్కావాల్సింది" అని తూర్పు స్టాండులో పక్కపక్కన రెండు నొక్కేశాను. ఫోన్లో చూపిస్తే చాలని చెప్పినా వినకుండా రెండూ కాగితం మీద ప్రింటు తీసుకున్నాడు. జిరాక్స్ మనిషికి కాగితం లేకపోతే నమ్మకం కుదరదు.

ఇక ఆ సాయంత్రం సంగతి. ఆయన శనివారం పొద్దున చెప్పినట్టే చెప్తాను.

నాలుగింటికే వెళ్లాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు టికెట్లు. ఎర్రమంజిల్‌లో మెట్రో దిగి మలుపు తిరిగితే పాత గ్రౌండు ఆనవాలు ఎక్కడా లేదు. అద్దాల గోడ, గేట్ల మీద అంకెలు, బ్యాండు మేళం, బుగ్గల మీద రంగులేసుకున్న పిల్లలు. గేట్లు అయిదున్నాయి. మహిపాల్ ఏ గేటుకొస్తాడో తెలియక మూడో గేటు దగ్గర గంటసేపు నిలబడ్డాడు. తెల్ల జుట్టు మనిషి కనిపించినప్పుడల్లా రెండడుగులు ముందుకు వేశాడు. లోపలే ఉంటాడులే, మాట ప్రకారం సెంటర్ లైన్ దగ్గరే చూసుకుంటాడులే అనుకుని చివరికి లోపలికెళ్లాడు.

లోపల అడుగుపెట్టగానే కాళ్లు ఆగిపోయాయట. నీలం రంగు నేల. గడ్డి కాదు, మట్టి కాదు, పరిచిన బట్టలా ఉంది. దాని మీద నాలుగు మూలల నుంచి నీళ్లు చిమ్ముతున్నారు. బంతి జారడానికి ఇలా తడుపుతారని టీవీలో చూశాడు గానీ కళ్లెదురుగా చూడటం అదే మొదలు. పాత గ్రౌండులో బంతికి దుమ్ము లేచేది, గుంటలో పడి దిక్కు మార్చుకునేది. ఇక్కడ గీసిన గీత మీద వెళ్లినట్టు వెళ్తోంది. చెక్కకు తగిలినప్పుడు వచ్చిన 'ఠక్' మాత్రం బందరులో విన్నదే. ఆ ఒక్క చప్పుడికి కళ్లల్లో నీళ్లు తిరిగాయని చెప్తూ ఆయన సిగ్గుపడ్డాడు.

సీట్లో కూర్చుని పక్క సీటు మీద కర్చీఫ్ వేశాడు. బస్సులో కిటికీలోంచి వేసి సీటు ఆపుకున్నట్టు. ఆ మనిషి పాతకాలం వాడే, కర్చీఫ్ చూస్తే అర్థం చేసుకుంటాడని ఆశ.

ఆట మొదలైంది. మన జట్టు ఎరుపు, పంజాబ్ వాళ్లు పచ్చ. ఎదురు స్టాండు పైకప్పు పక్కనుంచి పొద్దు సూటిగా కళ్లలోకి కొడుతోంది. చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. మైకులో ఒకడు గొంతు చించుకుంటున్నాడు, గోల్ కొట్టినా కొట్టకపోయినా పాట వేస్తున్నాడు. జనం లేచి చేతులెత్తి అలలా కూర్చుంటున్నారు. ముందు వరసలోవాళ్లు ఆటకు వీపు పెట్టి ఫోటోలు తీసుకుంటున్నారు. ఏడో నిమిషంలో మనవాళ్లకు పెనాల్టీ కార్నర్ వచ్చింది. కుర్రాడు వంగి బంతిని అలా ఈడ్చి కొడితే గోల్‌కీపర్ కాళ్ల మధ్య నుంచి గోల్ లోపలి చెక్కకు తగిలింది. ఇరవై వేల మంది ఒక్కసారిగా లేచారు. ఆయన కూడా లేచి, "చూశారా మహిపాల్ గారూ!" అని ఎడమవైపు తిరిగాడు.

కుర్చీ మీద కర్చీఫ్ ఉంది.

"అన్నీ ఉన్నాయి వంశీ గారూ. ఇంత గొప్ప ఆట నేను జన్మలో చూడలేదు. కానీ చెప్పుకోవడానికి మనిషి లేకపోతే చూసింది లోపలే ఉండిపోయి గొంతుకు అడ్డం పడుతుందండీ," అన్నాడు.

రెండో అంకంలో ఒక అమ్మాయి వచ్చి "అంకుల్, ఈ సీట్ ఖాళీయేనా?" అని అడిగింది. మనిషి వస్తాడని చెప్పాడు. కాసేపటికి ఇంకొకతను అడిగాడు. మళ్లీ అదే చెప్పాడు. మూడోసారి స్టేడియం కుర్రాడే వచ్చి, "ఇంకెప్పుడొస్తరు అంకుల్, సగం మ్యాచ్ అయిపోయింది" అన్నాడు. జేబులోంచి రెండో టికెట్ తీసి చూపించి వాణ్ని పంపేశాడు. ఇదివరకు ఆట ముప్ఫై అయిదేసి నిమిషాల రెండు సగాలు. మధ్యలో పల్లీల వేళ. ఇప్పుడు ఆటను పదిహేనేసి నిమిషాల నాలుగు అంకాలుగా ముక్కలు చేశారు, ఏ విరామంలో తినాలో కూడా తెలియదు. తన దగ్గర తినడానికి ఏమీ లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పొట్లం ఎప్పుడూ మహిపాలే తెచ్చేవాడు.

హాఫ్ టైమ్‌లో లేచి నిలబడి స్టాండంతా వెతికాడు. వేల తలలు. ఇక భయం మొదలైంది. మహిపాల్‌కి అరవై ఏడు. నాలుగేళ్లు తక్కువ కాలం కాదు. ఇన్నాళ్లూ ఆయనకేమైనా అయ్యుంటుందన్న ఊహ రాలేదు, వచ్చినా ముందుకు పోనివ్వలేదు. ఆ ఇరవై వేల మంది మధ్యలో కూర్చుని మొదటిసారి దాన్ని పూర్తిగా ఊహించాడు. ఆయన పోయి ఉంటే తనకు ఎవరు చెప్తారు? చెప్పేవాళ్లెవరూ లేరు. తనకేమైనా అయినా ఆయనకు చెప్పేవాళ్లు లేరు.

మూడో అంకంలో పంజాబ్ వాళ్లు సమం చేశారు. మైకువాడు అరిచాడు: "సౌత్ ఎండ్‌లో గోల్!"

సౌత్ ఎండ్. సూర్యనారాయణ గారు ఆ మాట దగ్గర ఆగాడు. దక్షిణం వైపు గోల్‌పోస్టు ఉంటే, తాము కూర్చున్న గట్టు ఏమైంది? ఎండ ఎడమ చెంప మీద పడేది, ఇవాళ ముఖాన కొట్టింది. గ్రౌండును అడ్డం నుంచి నిలువుకు తిప్పేశారు. పాత సెంటర్ లైన్ దగ్గరి గట్టు ఇప్పుడు ఆ గోల్‌పోస్టు వెనక, స్టాండు కూడా దాటి ఎక్కడో ఉంది.

అప్పుడు 'జాగ' అన్న మాట గుర్తొచ్చింది. 'గదే జాగల' అంటే తను 'అదే చోట' అనుకున్నాడు. సెంటర్ లైన్ దగ్గర సీటు అనుకున్నాడు. బస్సులో 'జర జాగ ఇయ్యి' అంటే జరిగి కూర్చోమనేగా. కానీ అన్నది ఎవరు? ముప్ఫై అయిదేళ్లు గొలుసు మోసిన మనిషి. ఇరవై రెండేళ్లలో మహిపాల్ 'జాగ' అన్నప్పుడల్లా భూమి గురించే అన్నాడు. ఫలానావాళ్ల జాగ, జాగ కొలిచినం, జాగకు రాయి పాతినం. ఆయన జాగ కుర్చీలతో పాటు జరిగేది కాదు. ఆ రాయి ఎక్కడుందో అక్కడే ఉంటుంది. ముప్ఫై ఏళ్లు హైదరాబాద్‌లో ఉండి కూడా తను ఆ మాటను బందరు తెలుగులో విన్నాడు.

మూడో అంకం అయిపోగానే లేచాడు. స్కోరు ఒకటి ఒకటి, ఇంకా పదిహేను నిమిషాల ఆట ఉంది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను, "ఒక్కసారి బయటికి పోతే మళ్ల రానియ్యం అంకుల్. మస్తు మ్యాచ్ నడుస్తుంది, ఆగుండ్రి" అన్నాడు. లోపల సీటు మీద కర్చీఫ్ ఉంది. తను వెళ్లాక మహిపాల్ అక్కడికే వస్తే? ఒక్క నిమిషం ఎటూ తేల్చుకోలేక నిలబడ్డాడు. తర్వాత బయటికి నడిచాడు.

స్టాండు వెనక నుంచి తిరిగి దక్షిణం వైపు వెళ్లాడు. పార్కింగ్ దాటితే నీళ్ల పంపు గది. దాని పక్కన, కాంపౌండు గోడకూ కార్లకూ మధ్య మిగిలిన జానెడు నేల మీద, రాయి ఉంది. సర్వే రాయిని పీకకూడదు కాబట్టి వదిలేసి, కార్లు తగలకుండా పసుపు రంగు పూశారు. రాయి మీద కాగితం పొట్లం. మూతి మడిచి ఉంది.

చీపురు పట్టుకున్న ఒక ఆడమనిషి ఊడ్చుకుంటూ వచ్చింది. యాభై ఏళ్లుంటాయి, ఒంటి మీద స్టేడియం వాళ్ల నీలం కోటు.

"ఆ పొట్లం ఎవరిదమ్మా?"

"గది ముట్టకు సార్. ఒక పెద్దాయిన పెట్టిపోయిండు. ఇంకొకాయిన కోసం." ఆమె చీపురు ఆపి ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "నువ్వేనా జిరాక్స్ సారు?"

సూర్యనారాయణ గారు తల ఊపాడు.

"అయ్యో, ఇప్పుడే పోయిండు సార్! పది నిమిషాలు కాలే. చీకటైతే ఆయినకు కండ్లు అవుపడయి. నేనే ఆటో ఎక్కిచ్చిన, లక్డీకాపూల్ దిక్కు పోయిండు."

"ఇల్లెక్కడమ్మా ఆయనది?"

"ఎరుక లేదు సార్. నేనెన్నడు అడగలే."

ఆమె పేరు మంగవ్వ. స్టేడియం కడుతున్న రోజుల్లో రేకుల గోడ బయట చాయ్ బండి పెట్టుకునేది. కట్టడం అయిపోయాక ఇక్కడే ఊడ్చే పనిలో చేరింది. "నాలుగేండ్ల సంది చూస్తున్న సార్ ఆయినను. ఐతారం ఐతారం నాలుగు గొట్టంగ వస్తుండె. లోపట రాయి, బయట ఆయిన, రేకులకు ఒరిగి కూసుంటుండె. ఒక్క ఐతారం నాగ పెట్టలే. వానల సుత గొడుగు పట్టుకొని వచ్చిండు. తెరిచినంక గద మీరు కలిసేది, గిప్పుడెందుకు వస్తున్నవ్ పెద్దయ్యా అని అడిగిన. 'మా సార్‌కు ఇంట్ల ఎవ్వరు లేరు, ఐతారం పొద్దు పోదు, ఎన్నడన్న గిటు వస్తడేమో' అన్నడు."

ఆయన రాయి పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. ఇస్త్రీ చొక్కా సంగతి గుర్తులేదు.

"అమీర్‌పేట్ల జిరాక్స్ దుకాన్లు సుత తిరిగిండట. జిరాక్స్ సార్ ఉన్నడా అంటే అందరు నవ్విండ్రట. ఇయ్యాల అంగి జేబుల టికెట్ సుత ఉండె సార్. లోపటికి పో పెద్దయ్యా, ఆట చూడు అన్న. పోలే. గీడనే అని చెప్పుకున్నం అన్నడు. స్టేడియం దిక్కు చెవి పెట్టి, లోపట జనం మొత్తుకున్నప్పుడల్ల, 'గోల్ అయినట్టుంది, మా సార్ ఉంటే చెప్తుండె' అన్నడు."

అప్పుడే లోపల మళ్లీ జనం హోరెత్తారు. గోడ అదిరింది. మంగవ్వ అటు చూసింది. సూర్యనారాయణ గారు చూడలేదు. ఎవరు గెలిచారో ఆయన శనివారం పేపర్లో చదువుకున్నాడు.

ఆయన పొట్లం విప్పాడు. పల్లీలు సరిగ్గా సగం.

"ప్రతి ఐతారం గిట్లనే సార్," అంది మంగవ్వ. "సగం తిని, సగం మడిచి, మా సార్ వాటా అని పెట్టిపోతడు. కుక్కలు తింటయని నేనే తీసుకుంటుంటి. నాలుగేండ్ల సంది నీ వాటా నేనే తిన్న. తప్పు పట్టకు."

ఆయన పొట్లం ఆమె వైపు చాపాడు. ఆమె కొన్ని తీసుకుంది. ఇద్దరూ తిన్నారు. లేచేముందు ఆయన జేబులోంచి రెండో టికెట్ తీసి దాని వెనక తన ఫోన్ నంబరు రాశాడు. కింద 'సూర్యనారాయణ' అని రాసి ఆగాడు. ఆ పేరు మహిపాల్‌కి తెలియదు. కొట్టేసి 'జిరాక్స్' అని రాసి, ఈలోగా ఆయనొస్తే ఇమ్మని మంగవ్వ చేతికిచ్చాడు.

"రేపొక్కటే గద నడుమ. ఎల్లుండి ఐతారమే," అంది ఆమె కాగితం కొంగున ముడేసుకుంటూ. "వస్తడు తియ్. ఫికర్ జెయ్యకు."

ఇదంతా విని నేను టీ గ్లాసు పక్కన పెట్టాను. ఏ వైపైతే ఏంటండీ అన్నది నేనే. ఆ ముక్క నేనే ఎత్తి, తప్పు నాదేనండీ అన్నాను. "మీదేం కాదు. మీరూ ఆంధ్రావాళ్లే కదా," అని నవ్వాడు. ఆదివారాలు నేను ఆ షాపు ముందు నుంచి పైకెళ్లిపోయిన సంగతి మాత్రం ఎత్తలేకపోయాను. మా సందుకూ ఆ రాయికీ మెట్రోలో పది నిమిషాలు కూడా పట్టదు. ఆ పది నిమిషాల దూరంలో రెండు వందల ఆదివారాలు ఒకాయన రేకులకు ఆనుకుని కూర్చున్నాడు, ఇంకొకాయన మిషను ముందు కూర్చున్నాడు.

సాయంత్రం క్లాసులు ముగించుకుని నేను దిగేసరికి ఆయన షాపు మూస్తున్నాడు. సగం దించిన షట్టరు మీద పెద్ద అక్షరాలతో ప్రింటు తీసిన కాగితం అంటించి, ఊడిపోకుండా అంచులు చేత్తో నొక్కుతున్నాడు. దాని మీద 'ఐతారం సెలవు' అని ఉంది.

"ఆదివారాన్ని ఐతారం అని రాశారేంటండీ?" అన్నాను.

ఆయన వెనక్కి జరిగి, కళ్లజోడు సవరించుకుని, కాగితాన్ని కొత్తగా చూసినట్టు చూశాడు.

"అవునండోయ్," అన్నాడు. మార్చలేదు.